బాణీకీ ఒక సనదు ఉంటుంది

విశాఖపట్నం నుండి అరకు లోయకు పోయే రైలు అనంతగిరి కొండలనెక్కి, ఒకదాని వెంట ఒకటిగా సొరంగాలు దాటి, బొర్రాగుహలు స్టేషనులో ఆగుతుంది. కొత్తవలస - కిరండోల్ మార్గమని పిలువబడే ఈ దారిని 1960 దశకంలో వేసింది యాత్రికుల కోసం కాదు. బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుండి జపానుకు చేరవేయటమే దాని ప్రధాన లక్ష్యం. దిగువకు ఖనిజం పోతుంది, ఎగువకు యాత్రికులు వస్తారు. వారు సున్నపురాతి గుహలలో నీరు బొట్టుబొట్టుగా కారి యుగాల తరబడి మలచిన స్తంభాలను చూస్తారు. అరకులో గిరిజన స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసి ఆడే ధింసా నృత్యాన్ని తిలకిస్తారు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ముల మోత వింటారు. తిరిగి పోయేటప్పుడు ఒక బాణీ వారి చెవులలో మిగిలి వారితోపాటు కొండ దిగుతుంది. ఆ బాణీ ఎవరిది?

ఈ ప్రశ్న బొర్రాకు మాత్రమే చెందినది కాదు. 50 ఏండ్లకు పైగా జాజ్ సంగీతాన్ని రాక్‌తోను, ఆ రెండింటిని పలుదేశాల శాస్త్రీయ, జానపద సంగీతాలతోను మేళవించే బృందాలు ప్రపంచమంతటా వెలిశాయి. ఈ మేళవింపుకు ఫ్యూజన్ అని పేరు. దీనిని గురించి వచ్చే విమర్శ సాధారణంగా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. సంగీత ప్రియులు అది వినసొంపుగా ఉన్నదా అని అడుగుతారు. ధర్మచింతన గలవారు అది వినదగినదేనా అని అడుగుతారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. అయితే ఇస్లామీయ చింతన ఈ విషయంలో మూడవ ప్రశ్న ఒకటి ముందుకు తెస్తుంది. ఈ సంగీతం ఎవరి వద్ద నుండి వచ్చింది? వారి హక్కు వారికి ముట్టిందా?

సంగీతం విషయంలో ధర్మవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదన్నది తెలిసినదే. ఇమామ్ గజాలీ (రహ్మ) తమ ఇహ్యా ఉలూమిద్దీన్‌లో సమా గురించి ఒక ప్రత్యేక భాగమే వ్రాశారు. కొన్ని వాద్యాలను నిషిద్ధాలుగా పేర్కొంటూనే, మధుర స్వరం స్వతహాగా నిషిద్ధం కాదని, పాటలోని విషయాన్ని, సందర్భాన్ని, వినేవాని మనఃస్థితిని బట్టి తీర్పు మారుతుందని వివరించారు. ఇబ్నుల్ జౌజీ (రహ్మ) తల్బీసు ఇబ్లీస్‌లో ఈ సమా సంప్రదాయాన్ని గట్టిగా ఖండించారు. మరోవైపు, హబషీలు ఈటెలతో చేసిన ఆటను దైవప్రవక్త (స) తిలకించి, హజ్రత్ ఆయిషా (రజి)కు కూడా చూపిన వృత్తాంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోను ఉన్నది. ఈ చర్చ ఎన్నో శతాబ్దాల నాటిది. దానిని తీర్చవలసిన చోటు ఇది కాదు. కాని ఒక్క విషయంలో ఇరుపక్షాలకూ భేదం ఉండనవసరం లేదు. తాను వినని పాటలోనైనా సరే, ఇతరుల హక్కు పోతున్నదంటే దానిని గురించి మాట్లాడటం ముస్లిం బాధ్యత.

మద్‌యన్ వాసులకు హజ్రత్ షుఐబ్ (అలై) చేసిన ఉపదేశాన్ని దివ్య ఖుర్‌ఆన్ ఆరాఫ్, హూద్, షుఅరా సూరాలలో ప్రస్తావించింది. కొలత, తూకం నిండుగా ఇవ్వటంతోపాటు, జనులకు చెందిన వాటిని తగ్గించరాదన్నది ఆ ఉపదేశ సారాంశం. అక్కడ వాడబడిన పదం విశాలమైనది. అంగడిలోని ధాన్యానికీ నూనెకూ మాత్రమే అది పరిమితం కాదు. మనిషి శ్రమ, విద్య, పేరు కూడా అతనికి చెందినవే. ఫ్యూజన్ సంగీతాన్ని ఈ గీటురాయి మీద పరీక్షించి చూడటం ఉచితం. అందుకు అన్నిటికన్నా తగిన ఉదాహరణ శక్తి బృందం. అందులో ఒక ముస్లిం విద్వాంసుడు, తరువాతి కాలంలో ఒక తెలుగు విద్వాంసుడు ప్రధాన పాత్రధారులు.

కూర్చునే తీరులో వచ్చిన మార్పు

ఇంగ్లండుకు చెందిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970 ప్రాంతంలో అమెరికాలో మైల్స్ డేవిస్‌తో కలిసి వాయించి, 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను నెలకొల్పాడు. జాజ్ - రాక్ మేళవింపులో అది పేరుమోసిన బృందం. కాని దాని సంగీతం విద్యుత్ గిటారు హోరుతో నిండినది. భారతదేశం అందులో పేరుగాను, తాళపు లెక్కగాను మాత్రమే కనిపించేది. భారతదేశపు కళాకారునికి ఆ వేదిక మీద చోటు లేదు.

అటుపిమ్మట మెక్‌లాఫ్లిన్ మార్గం మార్చుకున్నాడు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ వద్ద వీణ అభ్యసించాడు. తబలా విద్వాంసుడు జాకిర్ హుసేన్, వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, ఘట విద్వాంసుడు టి.హెచ్. వినాయక్‌రామ్‌లతో కలిసి శక్తి బృందాన్ని ఏర్పరచాడు. తొలి రోజులలో ఆర్. రాఘవన్ మృదంగం వాయించాడు. 1975 జూలైలో న్యూయార్క్ సమీపాన జరిగిన కచేరీ మొదటి రికార్డుగా 1976లో వెలువడింది. మరి రెండు రికార్డుల తరువాత, 1978లో ఆ బృందం విడిపోయింది.

ఈ బృందంలో గమనించవలసింది వేగం కాదు, కూర్చున్న తీరు. విద్యుత్ హోరును వదలి మెక్‌లాఫ్లిన్ తక్కినవారి సరసన నేలమీద కూర్చున్నాడు. తన గిటారు మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించి, గమకం పలికేందుకు వీలుగా మార్చుకున్నాడు. అనునాదం కోసం అదనపు తీగలు కట్టించాడు. అంటే తన వాద్యాన్ని ఎదుటివారి భాషకు అనుగుణంగా తానే మలచుకున్నాడు. అప్పుచేసినవాడు అప్పిచ్చినవాని ఇంటికి నడిచి వెళ్ళటం వంటిది ఇది. మరొక విశేషం కూడా ఉన్నది. ఉత్తరాది తబలా, దక్షిణాది ఘటం భారతదేశంలోనే ఒకే వేదిక మీద కూర్చోవటం అరుదు. ఆ రెంటి మధ్య సాగిన సవాలు జవాబులు, తూర్పు పడమరల కలయికకన్న లోతైన కలయిక అని చెప్పవచ్చు.

జాకిర్ హుసేన్ జీవితం ముస్లిం పాఠకులు శ్రద్ధగా చూడదగినది. 1951 మార్చి 9న బొంబాయిలో తబలా విద్వాంసుడు ఉస్తాద్ అల్లారఖా ఇంట జన్మించాడు. తెల్లవారక ముందే తండ్రి వద్ద తాళ శిక్షణ, తరువాత మదరసాలో ఖుర్‌ఆన్ పఠనం, ఆపైన క్రైస్తవుల బడి - ఇదీ బాల్యంలో తన దినచర్య అని ఆయన పలుమార్లు చెప్పుకున్నాడు. ఒకదానిని మరొకదానిలో కరిగించకుండా, దేని చోటు దానికి ఇచ్చే అలవాటు ఆయనకు అక్కడే అబ్బి ఉండవచ్చు. 2023లో పద్మవిభూషణ్ పొందాడు. 2024 ఫిబ్రవరిలో శక్తి బృందపు రికార్డు గ్రామీ బహుమతి అందుకున్న రాత్రి, ఆయనకు మొత్తం మూడు గ్రామీలు లభించాయి. అదే సంవత్సరం డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన తనువు చాలించాడు.

పాలకొల్లు మాండలిన్

1997లో ఈ బృందం రిమెంబర్ శక్తి అన్న పేరుతో తిరిగి కూడింది. కొద్దికాలానికే పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ అందులో చేరాడు. మాండలిన్ ఐరోపా వాద్యం. దానిని విద్యుత్ వాద్యంగా మార్చి, అయిదు తీగలతో కర్ణాటక రాగాలను గమకాలతో సహా పలికించిన ఘనత ఈ తెలుగు బిడ్డది. తొమ్మిదేండ్ల వయసులో, 1978లో, గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ చేశాడు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1998లో పద్మశ్రీ పొందాడు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏండ్ల వయసులోనే చెన్నైలో మరణించాడు.

శ్రీనివాస్ చేరికతో బృందపు స్వభావం మారింది. మెక్‌లాఫ్లిన్ గిటారుకు, శ్రీనివాస్ మాండలిన్‌కు మధ్య పోటీ ఉన్నప్పటికీ అది గెలుపు కోసం సాగేది కాదు. ఒకరు విడిచిన స్వరాన్ని మరొకరు అందుకొని, దాని అర్థాన్ని కొంత పెంచి తిరిగి అప్పగించటం అందులో వినబడుతుంది. 2000 డిసెంబరులో బొంబాయిలో చేసిన కచేరీ మరుసటి సంవత్సరం రికార్డుగా వచ్చింది. అందులో శివకుమార్ శర్మ సంతూర్, శంకర్ మహదేవన్ గానం, శివమణి డ్రమ్ములు కూడా చేరాయి. ఆ రికార్డును మెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. కాని అతిథులు పెరిగినకొద్దీ సంభాషణ తగ్గి ప్రదర్శన పెరిగిందన్న విమర్శకు అందులో తావున్నది. వేగం చప్పట్లను తెస్తుంది. చప్పట్లు మరింత వేగాన్ని కోరుతాయి. మధ్యలో రాగం ఊపిరి తీసుకునే వ్యవధి పోతుంది. శక్తి సంగీతానికి ఆదినుండీ ఉన్న లోపం ఇదే.

లోపం ఎలా ఉన్నా, హక్కుల లెక్కలో మాత్రం ఈ బృందం నిలుస్తుంది. కారణం స్పష్టం. ఇందులో ప్రతివాడూ ఒక సనదు గలవాడు. హదీసు వేత్తలు ఒక మాటను స్వీకరించే ముందు అది ఎవరి నుండి ఎవరికి చేరిందో పేర్ల వరుస అడుగుతారు. ఆ వరుసే సనదు. జాకిర్ హుసేన్ వెనుక అల్లారఖా, ఆయన వెనుక పంజాబ్ ఘరానా ఉన్నది. శ్రీనివాస్ వెనుక గురువు రుద్రరాజు సుబ్బరాజు, ఆయన వెనుక చెంబై వైద్యనాథ భాగవతార్ ఉన్నారు. వాద్యం పట్టినవాని పేరు రికార్డు అట్ట మీద ఉన్నది. అతడు కాదంటే ఆ సంగీతమే లేదు. ఎవరి సొత్తూ తగ్గలేదు.

పేరు లేని పాట

సనదు చెప్పగలవారు లేనిచోట ఏమి జరుగుతుంది? ఇక్కడనే ఫ్యూజన్ చరిత్రలోని చీకటి భాగం మొదలవుతుంది.

1973లో జాజ్ విద్వాంసుడు హెర్బీ హాంకాక్ హెడ్ హంటర్స్ అన్న రికార్డు వెలువరించాడు. జాజ్‌ను రాక్, ఫంక్ బాణీలతో కలిపిన ఆ రికార్డు లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. అందులోని ఒక గీతం ఆరంభంలో బిల్ సమ్మర్స్ సీసా ఊదుతూ, మధ్యమధ్య గొంతు కలుపుతూ చేసే విచిత్ర ధ్వని వినబడుతుంది. అది మధ్య ఆఫ్రికా అడవులలోని బబెన్జెలే పిగ్మీల సంగీతానికి అనుకరణ. 1966లో పరిశోధకులు వెలువరించిన రికార్డు ద్వారా అది అమెరికాకు చేరింది. బానిసలుగా తేబడిన ఆఫ్రికన్ల సంతానం సృష్టించిన జాజ్ సంగీతాన్ని ఇతరులు అమ్ముకొని ధనవంతులైన చరిత్ర ఉన్నది. ఆ సంతానంలోనివారే ఆఫ్రికా అడవి బాణీని తీసుకున్నప్పుడు కూడా, అడవిలోనివారికి చేరింది ఏమీ లేదు. తీసుకున్నవాడు తనవాడే అయినంత మాత్రాన హక్కు చెల్లినట్లు కాదు.

దీనికన్న విషాదకరమైనది సాలమన్ దీవుల జోలపాట కథ. మలైటా దీవిలో అఫునక్వా అనే స్త్రీ పాడిన జోలపాటను పరిశోధకుడు హ్యూగో జెంప్ 1970 ప్రాంతంలో రికార్డు చేశాడు. అది యునెస్కో ధ్వనిముద్రణల శ్రేణిలో వచ్చింది. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి బృందం ఆమె గొంతును అలాగే తీసుకొని, దానికి నాట్యపు తాళం జోడించి విడుదల చేసింది. రికార్డు లక్షలలో అమ్ముడుపోయింది. ఆమె పేరు అందులో లేదు. 1996లో నార్వే దేశపు ప్రసిద్ధ జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు యాన్ గార్బరెక్ అదే బాణీని వాయించి, దానికి పిగ్మీల జోలపాట అని పేరు పెట్టాడు. పసిఫిక్ మహాసముద్రంలోని తల్లి పాట ఆఫ్రికా అడవికి బదిలీ అయింది. హ్యూగో జెంప్ తన అభ్యంతరాన్ని బహిరంగంగా వ్రాశాడు. కాని అప్పటికే పాట ఊరూరా తిరుగుతున్నది.

ఈ ఉదంతంలో ఎవరూ తాళం పగులగొట్టలేదు. జానపదానికి రచయిత ఉండడన్న ఒక్క మాటతో పని జరిగిపోయింది. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టం కూడా స్వరకర్త జీవితకాలానికి, ఆపైన 60 ఏండ్లకు రక్షణ ఇస్తుంది. స్వరకర్త పేరే చెప్పలేని బాణీ ఆ రక్షణకు వెలుపలే ఉండిపోతుంది. 1982లో యునెస్కో, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కలిసి జానపద కళల రక్షణకు నమూనా నిబంధనలు రూపొందించాయి. అవి నమూనాలుగానే మిగిలాయి.

బొర్రా ఇచ్చిన పాఠం

ఇప్పుడు తిరిగి బొర్రాకు రావాలి. ఈ కొండలు 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడి భూమిని గురించి కూడా ఇటువంటి వాదమే నడిచింది. గిరిజన ప్రాంతాలలో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయటాన్ని 1959 నాటి నిబంధన, దానిని సవరించిన 1970 నాటి 1/70 నిషేధించాయి. అయినప్పటికీ అనంతగిరి మండలంలో, బొర్రా పరిసర గ్రామాలలో ఖనిజాల త్రవ్వకానికి ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇవ్వబడ్డాయి. ప్రభుత్వ భూమి ప్రభుత్వం ఇష్టం అన్నది అప్పటి వాదన. సమత అనే సంస్థ న్యాయస్థానానికి వెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ చట్టం దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక వ్యక్తియేనని, అది సైతం గిరిజన ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వజాలదని నిర్ణయించింది. గనుల లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి కేటాయించాలన్న సూత్రాన్ని కూడా ఆ తీర్పు పేర్కొన్నది.

శక్తి బృందం తిరిగి కూడినదీ, ఈ తీర్పు వెలువడినదీ ఒకే సంవత్సరం. రెండింటికీ సంబంధం లేదు. కాని పక్కపక్కన ఉంచి చూస్తే ఒక లోటు స్పష్టమవుతుంది. కొండలోని రాయికి హక్కుదారులు ఉన్నారని దేశపు అత్యున్నత న్యాయస్థానం అంగీకరించింది. పేరున్న విద్వాంసుని సంగీతానికి హక్కుదారుడు ఉన్నాడని ప్రపంచ వేదిక అంగీకరించింది. ఆ కొండమీది సంగీతానికి మాత్రం హక్కుదారు లేడు. యాత్రికుల కార్యక్రమ పత్రాలలోను, సినిమా పాటల ప్రస్తావనలలోను అది గిరిజన బాణీ అన్న రెండు మాటలుగా మిగులుతుంది.

బాణీని మాత్రమే తీసుకుపోవటం సంగీతపరంగానూ నష్టమే. ధింసాలో ఒక్కొక్క రకానికి ఒక్కొక్క పేరు, ఒక్కొక్క సందర్భం ఉన్నాయి. గొడ్డిబేట ధింసాలో వంగి రాళ్ళు ఏరే కదలిక, పొటర్‌తోల ధింసాలో ఆకులు కోసే కదలిక, బాగ్ ధింసాలో పులి నుండి తప్పించుకునే కదలిక ఉంటాయి. నాటికారి ఒంటరిగా ఆడేది. తక్కిన వాటిలో చాలావరకు వలయమే ప్రధానం. తాళం వాద్యంలో సగం, అడుగులో సగం ఉంటుంది. శక్తి పద్ధతిలోని సంగీతం ఒక్కొక్క విద్వాంసుని ప్రతిభను వరుసగా ముందుకు తెచ్చేది. వలయం నుండి ఒకరిని విడదీసి ముందు నిలబెడితే ధింసా ముందుకు రాదు, విడిపోతుంది. అందువల్ల మైకు పట్టి మోరి స్వరాన్ని ఒడిసి, దానికి గిటారు జోడించినవాడు తనకు ధింసా దక్కిందనుకుంటే అది భ్రమ. అతనికి దక్కింది చప్పుడు మాత్రమే.

పేరు లేనందువల్ల హక్కు లేదన్న వాదానికి హదీసు శాస్త్రంలోనే సమాధానం ఉన్నది. ఉల్లేఖకుడు ఎవరో తెలియని మాట మజ్‌హూల్. అది బలహీనం. కాని ఒక తరంలోని గొప్ప జనసమూహం మరొక తరంలోని జనసమూహానికి అందిస్తూ వచ్చిన మాట ముతవాతిర్. అందులో ఒక్కొక్కరి పేరు విచారించవలసిన పని ఉండదు. అది బలహీనం కాదు సరికదా, అన్నిటికంటే బలమైనది. అక్కడ పేరు లేకపోవటానికి కారణం హక్కుదారు లేకపోవటం కాదు, హక్కుదారులు లెక్కకు మించి ఉండటం. ధార్మిక ప్రామాణ్యం వేరు, పాట వేరు. అయినా పరంపరను తూచే పద్ధతిగా ఈ భేదం ఇక్కడ ఉపకరిస్తుంది. ధింసా మజ్‌హూల్ కాదు, ముతవాతిర్ వంటిది. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు తరతరాలుగా ఊరికి ఊరుగా అందిస్తూ వచ్చినది. దానిని అనాథగా లెక్కించిన చట్టం, వ్యాపారం రెండూ తూకంలో తప్పు చేస్తున్నాయి.

తెలుగు ముస్లిములు ఈ విషయం ఇతరులకంటె త్వరగా గ్రహించగలరు. ఒంగోలు సమీపాన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వర విద్యతో శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు పొందాడు. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు జీవితం ధారపోసి, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన ఆత్మకథకు పింజారి అన్న తన కులం పేరే పెట్టబడింది. వారి కళ ఇతర మతస్థుల నడుమ, ఇతరుల వేదికల మీద వికసించింది. అయినా వారి పేరు, వారి ఊరు, వారి వర్గం చెరిగిపోలేదు. చెరిగిపోయి ఉంటే తెలుగు ముస్లిం చరిత్రలో ఎంత భాగం మాసిపోయేదో ఊహించటం కష్టం కాదు.

కాబట్టి కొండ బాణీని తమ సంగీతంలో కలుపుకోగోరే బృందాలను అడగవలసినవి నాలుగు ఉన్నాయి. ఏ తెగ, ఏ ఊరు, ఏ రకం ధింసా అన్నది రికార్డు మీద వ్రాయాలి. గొంతును, వాద్యాన్ని ఎత్తుకుపోక, వాయించేవారిని వేదిక మీద సరసన కూర్చోబెట్టాలి. ఆదాయంలో వాటా వ్యక్తికి మాత్రమే కాక ఊరికి చేరాలి. గ్రామదేవత పూజలో ఆడే బోడ ధింసా వంటివి అంగడికి వద్దని ఊరివారు చెబితే, ఆ మాటకు కట్టుబడాలి. కాదనే అధికారం లేని అంగీకారం అంగీకారం కాదు. తన వాద్యపు చెక్కనే తొలిపించుకొని నేలమీద కూర్చోగలిగిన మెక్‌లాఫ్లిన్ చేసినదానికి ఇవి మరికొన్ని అడుగులు మాత్రమే.

మానవులు జాతులుగా, తెగలుగా చేయబడినది పరస్పరం ఎరుగుటకేనని హుజురాత్ సూరా బోధిస్తుంది. ఎరుగుట పేరుతో మొదలవుతుంది. ఎదుటివారి పాట నోటికి వచ్చి, వారి పేరు నోటికి రాకపోతే అది ఎరుక కాదు. బొర్రా నుండి కొండ దిగే రైలులో ఖనిజానికి తూకం చీటీ ఉంటుంది. ఆ రైలుదారినే కొండ దిగే బాణీకి కూడా ఏనాటికైనా ఒక చీటీ ఉండాలి. అది వ్రాయించే పనిలో ముస్లిం రచయితలు, న్యాయవాదులు, సంగీతం వినేవారూ విననివారూ కూడా పాలుపంచుకొనటం, జనులకు చెందిన వాటిని తగ్గించరాదన్న ఆజ్ఞను పాటించటంలో భాగమే అవుతుంది.